పెరటిలో బంతి విసరు యంత్రము

అమెరికాలో స్థిరపడిన మనవారు సెలవులకు బరంపురము వచ్చునపుడు ఇచ్చటి పిల్లలకు తెచ్చు కానుకలలో ఈ నడుమ ఒక వింత ఆటవస్తువు కనబడుచున్నది. చూచుటకది చిన్న ప్లాస్టిక్ పెట్టె. బ్యాటరీలు వేసి మీట నొక్కినచో కొన్ని సెకనులకొకసారి ఒక తేలికబంతిని తనంతట తానే విసరును. ఆ దేశమున ఇంటి పెరటిలో బేస్‌బాల్ నేర్చుకొను పసివారి కొరకు దీనిని తయారు చేసిరి. దీనినెట్లు వాడవలెనని కొందరు తల్లిదండ్రులు మమ్మడిగిరి. అన్నిటికంటె ముందు ఇది ఎందులకు పుట్టినదో చెప్పుట మేలు.

క్రికెట్టులో బంతి నేలను తాకి లేచును. బేస్‌బాల్‌లో అట్లు కాదు. విసరువాని చేతినుండి నేరుగా గాలిలోనే కొట్టువాని యొద్దకు వచ్చును. పెద్దల ఆటలో వీరిద్దరి నడుమ దూరము 60 అడుగుల 6 అంగుళములు. 1939లో పెన్సిల్వేనియా రాష్ట్రమందలి విలియమ్స్‌పోర్టులో ఆరంభమైన లిటిల్ లీగ్ వారు పిల్లలకు దానిని 46 అడుగులకు తగ్గించిరి. కొట్టుట నేర్చుకొనవలెనన్నచో వందలకొలది బంతులు కావలెను. వానిని విసరునదెవరు? పనినుండి అలసి వచ్చిన తండ్రి, లేదా అన్న. తండ్రి చేయి నొచ్చినచో మరునాటికి సర్దుకొనును గాని, ఎదుగుచున్న బాలుని మోచేయి, భుజము అంత తేలికగా సర్దుకొనవు. ఇందువలననే లిటిల్ లీగ్ వారు 2007 నుండి బాలుడు ఆటలో విసరు బంతులను లెక్కించుచున్నారు. 7, 8 ఏండ్లవారు దినమునకు 50, 9, 10 ఏండ్లవారు 75, 11, 12 ఏండ్లవారు 85 మించి విసరరాదు. పెరటిలో లెక్కించువారుండరు.

1953లో కనెక్టికట్ రాష్ట్రమందలి ఫేర్‌ఫీల్డ్ పట్టణమున డేవిడ్ ముల్లానీ అను గృహస్థు, పెరటిలో వంకరబంతులు విసరి విసరి చేయి నొప్పించుకొనిన తన కుమారుని చూచి, ఒక సగమున ఎనిమిది రంధ్రములు గల ప్లాస్టిక్ బంతిని రూపొందించెను. అదియే విఫుల్ బంతి. మణికట్టును బాధపెట్టకయే అది గాలిలో వంకర తిరుగును. నేటి ఆటబొమ్మ యంత్రములు పెక్కింటిలో వాడు రంధ్రముల బంతులు ఈ జాతివే.

యంత్రము మాత్రము అంతకంటె పాతది. 1897లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున గణితము బోధించుచున్న చార్లెస్ హింటన్, విద్యార్థుల అభ్యాసమునకై తుపాకిమందుతో బంతిని విసరు యంత్రమును నిర్మించెను. నాలుగవ పరిమాణమును గూర్చి గ్రంథములు వ్రాసిన మేధావి ఆయన! ఆ ఫిరంగికి ఎదురుగా నిలువవలసిన విద్యార్థులు భయపడిరనుటలో ఆశ్చర్యమేమి?

ఇప్పటి ఆటబొమ్మలో మందు లేదు, మోటారు కలదు. ఒక రకములో మోటారు పళ్ళచక్రమును త్రిప్పి ఒక చేతిని స్ప్రింగుకు ఎదురుగా మెల్లగా వెనుకకు లాగును. చక్రములో కొంతమేర పళ్ళుండవు. ఆ చోటు రాగానే పట్టు తప్పి చేయి ముందుకెగిరి బంతిని విసరును. మరియొక రకములో వేగముగా తిరుగు చక్రము బంతిని నొక్కి వెలుపలికి త్రోయును. ఈ భేదమును తెలిసికొనుట అవసరము. బ్యాటరీ నీరసించినపుడు స్ప్రింగు రకము ఆలస్యముగా విసరునే గాని వేగము తగ్గదు. చక్రపు రకములో బంతి వేగమే తగ్గి నడుమనే రాలును. తప్పు తనదేయని పిల్లవాడు చిన్నబుచ్చుకొనును!

యంత్రమునెంత దూరమున ఉంచవలెను? దీనికి కొంత లెక్క కలదు. బలముగల 12 ఏండ్ల బాలుడు గంటకు 60 మైళ్ళ వేగమున, అనగా సెకనుకు 88 అడుగుల చొప్పున, 46 అడుగుల నుండి విసరెననుకొందము. బంతి చేరుటకు అర సెకనుకు కొంచెము మించి పట్టును. మన ఆటబొమ్మ సెకనుకు 30 అడుగుల చొప్పున 15 అడుగుల నుండి విసరినను అర సెకనే. చిన్న పెరటిలో పెద్ద మైదానపు వ్యవధి లభించుటయే ఈ వస్తువులోని చమత్కారము. గాలి అడ్డును విడిచి చూచినచో, ఏ వస్తువైనను అర సెకనులో 4 అడుగులు క్రిందికి జారును. యంత్రపు మూతి కొంచెము పైకి చూచుచుండుటకు కారణమిదియే.

ఇక్కడ పెద్దలు జాలితో చేయు పొరపాటొకటి కలదు. పసివాడు కొట్టలేకున్నాడని వేగము తగ్గించి, బంతి చేరుటకై మూతిని మరింత పైకెత్తుదురు. సెకనుకు 20 అడుగుల వేగముతో 15 అడుగులు దాటుటకు ముప్పాతిక సెకను పట్టును. ఆ వ్యవధిలో జారుడు 9 అడుగులగును. అనగా బంతి మరింత పైకెగసి ఏటవాలుగా దిగును. అడ్డముగా తిరుగు బ్యాటుకు అది ఒక్క చోటనే చిక్కును. మెల్లని బంతియే కష్టమైన బంతి యైనది. వేగము తగ్గించినపుడు యంత్రమును 10 అడుగులకు దగ్గర చేయవలెను. అర సెకను, 4 అడుగుల జారుడు అట్లే నిలుచును. అదియు కొట్టలేని నాలుగైదేండ్లవానికి నడుము ఎత్తు గల కొయ్యపై బంతినుంచి కొట్టించుట ఉత్తమము.

మా ఆక్షేపణ అంతయు వేరొకచోట కలదు. యంత్రము ప్రతి బంతిని ఒకే వేగమున, ఒకే ఎత్తున, ఒకే వ్యవధిలో విసరును. మొదటి కొన్ని దినములు ఈ ఏకరూపమే వరము. చేతులు తిరుగవలసిన తీరు కుదురును. పిదప పిల్లవాడు బంతిని చూచుట మాని మనసులో అంకెలు లెక్కించి బ్యాటు త్రిప్పును. ఎదుట విసరు మనిషి చేయి లేదు, భుజము లేదు, చూచుటకేమున్నది? దీనిని కనిపెట్టుట సులభము. వానికి చెప్పక ఒక వరుసలో బంతి వేయకుండ ఖాళీ విడువుడు. వట్టి గాలిని కొట్టినచో వాడు లెక్కించుచున్నాడన్నమాట. నాటినుండి యంత్రము పది బంతులు విసరినచో, తల్లియో తండ్రియో మరి పది విసరవలెను. మోచేయి దించితివని, కాలు ముందే కదలినదని యంత్రము చెప్పదు గదా!

క్రికెట్టు బ్యాటుతో ఆడవచ్చునా యనియు అడిగిరి. ఆడవచ్చును. కాని బంతి నేలను తాకక వచ్చును గావున నిలువు బ్యాటు అభ్యాసము దీనివలన కుదరదు. కంటికి మాత్రము పని తగులును. కంటి మాటకు వచ్చినచో, బ్రాడ్మన్ బాల్యమున బౌరల్ ఊరిలో నీటితొట్టి క్రింది ఇటుక గోడకు గోల్ఫ్ బంతిని కొట్టి, తిరిగివచ్చు దానిని క్రికెట్టు స్టంపుతో కొట్టుచుండెను. ఏ వంక వచ్చునో తెలియని బంతి అది! యంత్రము కొనలేనివారు చింతింపనక్కరలేదు. గోడ అందరికిని కలదు.

బంతి తేలికయైనను దగ్గరనుండి కంటికి తగిలినచో ప్రమాదమే. మీట ఆపకుండ ఎవరును యంత్రపు మూతిలోనికి తొంగిచూడరాదు. అంతకంటె అపాయకరమైనది బ్యాటు. దొరలిన బంతిని ఏరుటకు వంగిన చెల్లెలి తల, బ్యాటు తిరుగు ఎత్తు ఒకటియే. కావున బంతులన్నియు అయినపిదప, బ్యాటు నేలనుంచి, కొట్టినవాడే ఏరవలెను. మన వీధులలో పెరడు లేని ఇండ్లు పెక్కులు గలవు గనుక కొందరు యంత్రమును మేడమీది కెక్కించుచున్నారు. పిట్టగోడ పొట్టిదైన మేడపై దీనిని మేమెంత మాత్రము ఒప్పుకొనము. బంతి వెంట పరుగెత్తు పిల్లవాడు గోడను చూడడు.

ఆడని మాసములలో బ్యాటరీలను తీసి వేరుగా ఉంచవలెను. లోపలనే యున్నచో కారి, లోహపు రేకులను తినివేయును. చెడిపోయినవని మా యొద్దకు తెచ్చిన రెండు యంత్రములకును జబ్బు ఇదియే. రేకులను గరుకు కాగితముతో రుద్ది కొత్త బ్యాటరీలు వేయగానే రెండును మరల విసరసాగినవి.