వార్ధక్యంలో మెదడుకు ఆహారం, విహారం

ముసలి కుక్కను పెంచేవారు గమనించే ఉంటారు. ఎరిగిన ఇంటిలోనే అది దారి తప్పుతుంది. గోడ వంక చూస్తూ నిలిచిపోతుంది. పగలు నిద్రించి రాత్రంతా తిరుగుతుంది. పెద్దలలో మతిమరుపు ముదిరినప్పుడు కనిపించే లక్షణాలూ దాదాపు ఇవే.

ఈ పోలిక పైపైది కాదు. అల్జీమర్స్ వ్యాధిలో మెదడులో పేరుకొనే బీటా అమైలాయిడ్ అనే మాంసకృత్తి, వృద్ధాప్యంలో కుక్క మెదడులోనూ పేరుకొంటుంది. దాని నిర్మాణం ఇద్దరిలోనూ ఒక్కటే. పైగా కుక్క మన ఇంటిలోనే జీవిస్తూ, పది పన్నెండేళ్ళకే ముసలిదవుతుంది. అందుచేత మనిషిలో దశాబ్దాలు పట్టే మార్పులను శాస్త్రజ్ఞులు కుక్కలో కొద్ది ఏళ్ళలోనే పరిశీలించగలుగుతున్నారు.

కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన నార్టన్ మిల్‌గ్రామ్, ఆయన సహచరులు వయసు మళ్ళిన 48 బీగిల్ జాతి కుక్కలను నాలుగు వర్గాలు చేసి రెండేళ్ళు పరిశీలించారు. ఫలితాలు 2005లో వెలువడ్డాయి. మొదటి వర్గానికి మామూలు తిండి, మామూలు జీవనం. రెండవదానికి విటమిన్ ఇ, విటమిన్ సి, పాలకూర, టమాటా, క్యారెట్ మొదలైనవి చేర్చిన ఆహారం. మూడవదానికి తోడు, నడక, ఆటవస్తువులు, బుద్ధికి పని. నాల్గవదానికి ఆ ఆహారమూ, ఈ విహారమూ రెండూ. నేర్చుకొనే శక్తి నాల్గవ వర్గంలోనే అన్నిటికంటె బాగా నిలిచింది.

అయితే కుక్క మనిషి కాదు. అల్జీమర్స్ రోగుల నాడీకణాలలో ఏర్పడే చిక్కుముడులు కుక్కలలో సాధారణంగా కనిపించవు. కనుక దీనిని వ్యాధికి చికిత్సగా భావించరాదు. కాని ఒక సంగతి గ్రహించవచ్చు: పెద్దలకు ఆకుకూర వడ్డించి ఒక మూల కూర్చోబెడితే చాలదు. వారితో కలిసి నడవాలి, మాట్లాడాలి, కొత్తది నేర్చుకొనే అవకాశం కల్పించాలి. మతిమరుపు నిత్యకృత్యాలకు అడ్డు వస్తూంటే మాత్రం ఆలస్యం చేయక వైద్యుని సంప్రదించాలి.