మంచం మీంచి ఏం కనిపిస్తోంది?

మనసుకు ఊరటనిచ్చే తోట కావాలంటే, మొక్కల జాబితాకన్నా ముందు ఇంట్లోవాళ్లు కూర్చునే చోటు చూడాలి

అమెరికాలోని పెన్సిల్వేనియాలో, ఊరి శివారున ఒక ఆసుపత్రి. 1972 నుంచి 1981 వరకు అక్కడ పిత్తాశయం తీసేసే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల కేసుషీట్లు. రెండో, మూడో అంతస్తుల్లో గదులన్నీ దాదాపు ఒకే తీరు. తేడా అంతా కిటికీ బయటే. కొన్ని గదుల్లోంచి చెట్ల గుంపు కనిపిస్తుంది, మిగతావాటిలోంచి ఇటుక గోడ.

రోజర్ ఉల్రిచ్ అనే భూగోళశాస్త్ర పరిశోధకుడు ఈ కాగితాలు తిరగేశారు. వయసు, పొగతాగే అలవాటు, ఊబకాయం లాంటివి సరిపోయేలా చూసుకుని 46 మందిని 23 జతలుగా కట్టారు. జతలో ఒకరిది చెట్ల వైపు గది, ఒకరిది గోడ వైపు గది. చెట్లకు ఆకులుండే కాలంలో, అంటే మే మొదలు నుంచి అక్టోబరు 20 లోపు చేరినవాళ్లనే తీసుకున్నారు. వివరాలు ఎత్తిరాసిన నర్సుకు ఏ రోగి కిటికీ ఎటు ఉందో తెలియదు.

‘తొలకరి పడుతోంది, ఇంటి తోట–మనశ్శాంతి మీద రాయండి, గురువారంకల్లా కావాలి’ అన్నారు ఎడిటర్‌గారు. ఆ గడువులో చదివినవాటన్నిట్లోకీ నన్ను పట్టి ఉంచింది 1984 ఏప్రిల్‌లో ‘సైన్స్’ పత్రికలో అచ్చయిన ఉల్రిచ్ వ్యాసమే. మొత్తం రెండు పేజీలు.

ఆపరేషన్ తర్వాత చెట్ల వైపువాళ్లు సగటున 7.96 రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. గోడ వైపువాళ్లు 8.70 రోజులు. ఈ అంకెలకన్నా నన్ను కదిలించింది నర్సుల రాత. రోగి దిగులుగా ఉన్నారని, ఏడుస్తున్నారని, బాగా ధైర్యం చెప్పాల్సి వస్తోందని రాసుకున్న మాటలు గోడ వైపువాళ్ల షీట్లలో మనిషికి సగటున 3.96. చెట్ల వైపు 1.13. రెండో రోజు నుంచి ఐదో రోజు దాకా బలమైన నొప్పి మందులు కూడా చెట్ల వైపే తక్కువ పట్టాయి. మొదటి రోజు మాత్రం తేడా లేదు. మత్తు వదలనివాళ్లు కిటికీ వంక ఎక్కడ చూస్తారు?

ఒక్క ఆసుపత్రి, 46 మంది. దీన్ని చూపించి చెట్టు రోగం కుదురుస్తుందంటే నేను ఒప్పుకోను. కానీ ఆ నర్సులు ఏదో నిరూపించాలని రాయలేదు. ఎదుట మంచం మీద మనిషి ఎలా ఉన్నారో చూసి రాశారు. అందుకే ఈ కాగితాల మీద నాకు గురి.

ఉల్రిచ్ అదే వ్యాసంలో ఒక హెచ్చరిక కూడా చేశారు. ఆ గోడ మరీ చప్పటి గోడ; కట్టడాలన్నీ అలాంటివే అనుకోవద్దన్నారు. ఎంతకాలంగానో ఏమీ తోచక విసిగిపోయిన రోగికి చెట్లకన్నా సందడిగా ఉండే వీధే మేలు చేయవచ్చని రాశారు. ఈ వాక్యం చదివాక మన వీధి అరుగులు గుర్తొచ్చాయి. రోజంతా ఒంటరిగా ఉండే తాతగారికి కావాల్సింది పాలవాడు, బడిపిల్లలు, కూరగాయల బండి. ఆయన కుర్చీ ముందు గ్రీన్‌నెట్ కట్టి, కుండీలు బారుగా పేర్చి వీధిని మూసేస్తే అందం పెరుగుతుందేమో, ఆయనకు దిగులూ పెరుగుతుంది. అక్కడ మొక్కలు పక్కకు జరగాలి.

మన ఫ్లాట్లలో కుండీలు మిగిలిన చోట్లోకి పోతాయి: వాషింగ్ మెషిన్ పక్కకి, ఏసీ యూనిట్ వెనక్కి. ఇంకొందరి తోట పూర్తిగా డాబా మీదే. రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారి లాంటివాళ్ల కృషి వల్ల మిద్దెతోట తెలుగువాళ్లకు బాగా దగ్గరైంది, అది నాకెంతో ఇష్టమైన సంగతి. అయితే మోకాళ్ల నొప్పులున్న అత్తగారు మెట్లెక్కలేరు. పైన బీరపాదు విరగకాసినా ఆవిడకు కనిపించేది పక్క అపార్ట్‌మెంట్ గోడే.

కాబట్టి నర్సరీకి వెళ్లేముందు ఆవిడ మంచం మీద ఒకసారి పడుకుని చూడండి. కిటికీలోంచి ఏ ఎత్తులో ఏం కనిపిస్తోంది? కుండీ నేలమీద ఉంటే మంచం మీంచి కనపడదు, గ్రిల్‌కి తగిలించాలి. ఎండ తగిలే కిటికీ అయితే సన్నజాజి పాకించండి, సాయంత్రానికి వాసన గదిలోకి వస్తుంది. రెండు భవనాల మధ్య ఇరుకు సందైతే నీడను ఓర్చుకునే తమలపాకు తీగ మేలు. బాల్కనీలో ఎర్ర మందారం ఉంటే తేనెపిట్టలు వచ్చే అవకాశం ఉంది. కదిలేదేదైనా ఉంటే చూపు అక్కడ నిలుస్తుంది.

చూడటం ఒకటైతే, చేతులు పెట్టడం ఇంకొకటి. నెదర్లాండ్స్‌లో తోట పెంచుకునే 30 మందికి ముందు ఒత్తిడి కలిగించే పని అప్పగించి, తర్వాత కొందరిని అరగంట తోటపనికి, కొందరిని గదిలో చదువుకోవడానికి పంపారు. 2011లో ఫలితాలు అచ్చయ్యాయి. ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ రెండు గుంపుల్లోనూ తగ్గింది, తోటలో ఉన్నవాళ్లలో ఎక్కువ తగ్గింది. అత్తగారికైతే కూర్చున్న చోటే అందేలా స్టూలు మీద ట్రేలో మెంతులు చల్లించండి. మూడు నాలుగు వారాల్లో ఆవిడ తెంపిన కూరే పప్పులో పడుతుంది.

తోటకూ మనసుకూ ముడిపెట్టిన చరిత్ర రెండు ముక్కల్లో: 1796లో ఇంగ్లండ్‌లోని యార్క్‌లో క్వేకర్లు మానసిక రోగులకు గొలుసులు లేని ఆశ్రయం తెరిచి తోటపనికి చోటిచ్చారు. 1812లో అమెరికా వైద్యుడు బెంజమిన్ రష్ తోటపని చేసే రోగులు కోలుకోవడం గురించి రాశారు. 1989లో మనస్తత్వ పరిశోధకులైన కాప్లాన్ దంపతులు అలసిన ఏకాగ్రతకు ప్రకృతి విశ్రాంతినిస్తుందని సిద్ధాంతీకరించారు.

మట్టిలో మందుందా?

మట్టి తాకితే అందులోని బ్యాక్టీరియా దిగులు పోగొడుతుందని వాట్సాప్‌లో తిరుగుతోంది. మైకోబ్యాక్టీరియం వ్యాకే అనే ఆ మట్టి బ్యాక్టీరియా మీద 2007లో పేరొచ్చిన ప్రయోగం ఎలుకల మీద జరిగింది. వారాల తరబడి నిద్ర, ఆకలి లేకుండా దిగులు వెంటాడుతుంటే డాక్టర్ని కలవండి. వేసుకుంటున్న మందులు తోట పెట్టామని ఆపొద్దు. ప్రభుత్వ టెలీ మానస్ ఉచిత నంబరు 14416.

కరివేపాకు మీద పురుగా?

కరివేపాకు, నిమ్మ ఆకుల మీద పక్షి రెట్టలా కనిపించే చిన్న పురుగులు సీతాకోకచిలుక పిల్లలు. కాస్త ఎదిగాక ఆకుపచ్చగా మారతాయి. మొక్క పెద్దదైతే నాలుగు రెమ్మలు వాటికి వదిలేయండి, మందు కొట్టొద్దు. పిల్లలున్న ఇంట్లో ఆ కుండీని కిటికీ దగ్గరికి జరపండి.