పరుల ప్రయాణమే పనిగా

విశాఖపట్టణమున పాత పోస్టాఫీసు మొదలుకొని కురుపాం మార్కెట్టు మీదుగా టౌన్ కొత్తరోడ్డు వఱకు వ్యాపించిన వన్ టౌను, నగరము నలుదిక్కుల ఎంత పెరిగినను తన పాత స్వభావమును విడువక, ఓడరేవు గోడ నానుకొని బ్రతుకుచున్న పేట. ఇచ్చట చేరువగా నిలిచిన మూడు గుట్టలపై వేంకటేశ్వరుని కోవెలయు, ఇస్‌హాక్ మదీనా బాబా దర్గాయు, మేరీమాత చర్చియు నున్నవి. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారు పైకప్పులేని గర్భగుడిలో కొలువై, మార్గశిర గురువారములందు తెల్లవారకమునుపే వేలాది జనమును తన వీధికి రప్పించుచుండును. ఈ జనసమ్మర్దము నడుమ, బంగారపు దుకాణములకును, తాళ్లు, వలలు అమ్ము అంగళ్లకును మధ్య, ఒక బల్లయు, కంప్యూటరును, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలును పట్టునంతటి గదిలో ట్రావెల్ ఏజెంటు కూర్చుండును.

టికెట్టు నేడు ఎవరి చేతి ఫోనులోనైనను దొరకును. అట్లయ్యు ఆ గది ఎందుకు మూతపడలేదను ప్రశ్నకు సమాధానము, అచ్చట ఒక పూట కూర్చుండి చూచినవారికి తెలియకపోదు. ప్రయాణము చేయబోవువానిని ఎదుట కూర్చుండబెట్టుకొని, నీ కాగితములు సరిగా నున్నవా, దిగినపిదప నిన్నెవరు చూతురు, అసలు ఈ ప్రయాణము నీకు తగునా యని అడుగువాడు ఫోనులో దొరకడు. ఆ అడుగుటయే ఈ వృత్తికి ప్రాణమని నా నిశ్చయము.

ఈ పేటకు ఏజెంటు కొత్తవాడు కాడు. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీవారి ‘జలదుర్గ’ లోపలి రేవున ప్రవేశించుటతో నేటి ఓడరేవు ఆరంభమైనను, అంతకు ఎన్నో దశాబ్దములకు పూర్వమే, కాకినాడ, భీమునిపట్టణము, కళింగపట్టణముల నుండి వలెనే విశాఖ తీరము నుండియు కూలిజనము బర్మాలోని రంగూనునకు వలస పోవుచుండెను. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ పొగయోడలు దూరముగా సముద్రములో లంగరు వేసి నిలువగా, జనము పడవలలో అలలు దాటిపోయి ఓడ నెక్కి, డెక్కుమీదనే పండుకొని, ఆవలి ఒడ్డున ధాన్యపు మిల్లులలోను, రంపపు మిల్లులలోను, రేవులోను మూటలు మోయుటకు పోయెడివారు. వారిని కూడగట్టి తీసికొనిపోయినవాడు మేస్త్రీ. ఆతడు ఓడకూలి తానే కట్టి, ఇంటివారి చేతిలో కొంత బయానా పెట్టి, ఆ సొమ్ము తీరువఱకు కూలివానిని తన చేతిక్రింద నుంచుకొనెడివాడు. టికెట్టు, ఉద్యోగము, వసతి, అప్పు అను నాలుగును ఒక్కని గుప్పిటిలో నుండుటయే ఆ పద్ధతియందలి ఘోరము. ఏ యొక్కటి చెడినను తక్కినవన్నియు కూలివాని మెడకే చుట్టుకొనెడివి. 1930 మే మాసమున రంగూను రేవులో తెలుగు కూలీలపై దొమ్మీ జరిగెను. 1941 డిసెంబరు 23న ఆ నగరముపై జపానువారి బాంబులు పడిన పిదప, అడవులు కొండలు కాలినడకను దాటి వచ్చినవారిలో మన ఉత్తరాంధ్రమువారెందఱో యుండిరి. బర్మాలో సైనికప్రభుత్వము వచ్చిన పిదప, 1964 మొదలుకొని, మిగిలిన కుటుంబములలో పెక్కు ఓడలలో ఈ విశాఖరేవున దిగినవి. నగరములోని బర్మా క్యాంపు వారి రాకకు నేటికిని గుర్తుగా నున్నది.

పొగబండి యుగమున యూరపులో ఈ ఏజెంటు వ్యాపారము వేఱొక మార్గమున పుట్టెను. 1841 జూలై 5న థామస్ కుక్ అను మద్యపాన నిషేధ ప్రచారకుడు, మనిషికొక షిల్లింగు చొప్పున వసూలుచేసి, సుమారు 500 మందిని లెస్టరు నుండి లౌబరోకు రైలులో తీసికొనిపోయి తెచ్చెను. ప్రయాణీకుని తరఫున రైలువారితో ముందుగా మాట్లాడుకొనుట యను పద్ధతి అచ్చటినుండి లోకమంతట వ్యాపించినది.

ఆదాయము సంగతి కొంత చెప్పవలసియున్నది. ఒకప్పుడు విమానపు టికెట్టు ఎఱ్ఱని కార్బను పూసిన పలుచని ఆకుల పుస్తకము. దానిని వ్రాసి యిచ్చిన ఏజెంటునకు విమానసంస్థ నూటికి తొమ్మిది రూపాయల వఱకు కమీషను ఇచ్చెడిది. 2008 జూను 1 నుండి కాగితపు టికెట్టు లోకమంతట పోయినది. రమారమి ఆ కాలముననే మన దేశమున పెద్ద విమానసంస్థలు ఆ కమీషనును సున్నకు దించినవి. రైలు టికెట్టుపై అధికారిక ఏజెంటు తీసికొనదగిన రుసుము స్లీపరునకు 20 రూపాయలు, ఏసీకి 40 రూపాయలు మాత్రమే. తత్కాల్ విషయమున, 2025 జూలై 1 నుండి, ఏసీ తరగతులకు పది గంటలకు, తక్కినవానికి పదునొకండు గంటలకు కిటికీ తెఱచిన మొదటి అరగంటలో ఏజెంటు అసలు టికెట్టు తీయరాదు. ఆ నియమము సామాన్యునికి మేలు చేయునదే. అయినను ఫోను వాడుట చేతకాని మార్కెట్టు ముసలమ్మకు ఆ అరగంట ఎవరును తోడులేని అరగంట యగుచున్నది. ఆమె రైల్వే కౌంటరు వరుసలో నిలువవలసినదే.

దుకాణములో తఱచుగా జరుగు పని పేర్లు సరిచూచుట. మన తెలుగువారికి ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక; పాఠశాల సర్టిఫికెట్టులో ఇంటిపేరు ఒక్క అక్షరమై యుండును, ఆధారులో పూర్తిగా నుండును, పాస్‌పోర్టులో ఒక్కొక్కప్పుడు ఆ గడియే ఖాళీగా నుండును. 2022 నవంబరు నుండి ఐక్య అరబ్బు దేశములు పాస్‌పోర్టులో ఒక్క పేరు మాత్రమే గలవారికి విజిటు వీసాపై ప్రవేశము లేదని ప్రకటించుటతో, దుబాయిలో కూతురి పురిటికి పోవలెనని సంచులు సర్దుకొనిన తల్లులెందఱో ఆ ఖాళీ గడి మూలమున ఆగవలసివచ్చెను. అందుచేత అనుభవముగల ఏజెంటు ఛార్జీ చెప్పుటకు ముందే పాస్‌పోర్టు తెమ్మనును. మొదట గడువు చూచును, ఆఱు నెలలకు తక్కువైనచో అక్కడికక్కడే ఆపును. పిమ్మట వేలితో ఒక్కొక్క అక్షరమును తాకుచు పేరు చదివి, ప్రయాణీకునిచేత మరల చదివించును. ఆ పని జరుగునప్పుడు ఆతని ఫోను మ్రోగినను ఎత్తడు.

రేవుపేట గనుక నావికుల రాకపోకలు ఇచ్చట విశేషము. నావికుని ప్రయాణము తేదీని బట్టి జరుగునది కాదు, ఓడను బట్టి జరుగునది. బొగ్గు తెచ్చిన ఓడకు బెర్తు దొరకక బయట లంగరులో నిలిచినచో, దిగవలసిన సిబ్బంది దిగుటయు, ఎక్కవలసినవారు ఎక్కుటయు అన్నియు వెనుకబడును. దీనికై విమానసంస్థలు నావికులకు వేఱుగా మెరైన్ ఛార్జీలు ఏర్పఱచినవి. తేదీ మార్చుకొనుట సులభము, సామానుకు హెచ్చు బరువు అనుమతింతురు. అయితే పాస్‌పోర్టుతో పాటు నావికుని సీడీసీ (ఓడకొలువు ధ్రువపత్రపు) పుస్తకమును, షిప్పింగు ఏజెన్సీవారి ఉత్తరమును లేనిదే ఆ టికెట్టు చెల్లదు. రాత్రి రెండు గంటలకు ఏజెంటునకు వచ్చు ఫోను సాధారణముగా ఇట్టి ఓడ గుఱించినదే. ఆతడు మంచముపైననే లేచి కూర్చుండి, హైదరాబాదు మీదుగానా, చెన్నై మీదుగానా అని లెక్కవేసి, తెల్లవారునప్పటికి కొత్త టికెట్టు పంపును.

అండమాను ఓడ వేఱొక లోకము. విశాఖ నుండి పోర్ట్ బ్లెయిరునకు, 2024 సెప్టెంబరు నుండి శ్రీవిజయపురమను పేరు పొందిన ఆ పట్టణమునకు, ప్రయాణపు ఓడ సుమారు 56 గంటలలో చేరును. చిరకాలముగా ఆ టికెట్ల వ్యవహారము చూచుచున్న భానోజీరావు, గరుడ పట్టాభిరామయ్య కంపెనీ పేరు వన్ టౌనులో తెలియనివారరుదు. ఓడ ప్రతిదినము గాదు, ప్రతివారము గాదు. తేదీ ప్రకటన వచ్చిన దినమున శ్రీకాకుళపు పల్లెల నుండి సైతము జనము వచ్చి అడుగుదురు, ఏలయన ఆ ద్వీపములలో తెలుగు కుటుంబములు పెక్కుగలవు, పెండ్లికిని చావునకును ఇరువైపుల రాకపోకలు తప్పవు. తొలిసారి బంకు క్లాసులో పోవువారికి దుకాణములో దొరకు సలహా ఏ పుస్తకములోను లేనిది: మొదటి పూట కడుపునిండ తినవద్దు, అటుకులు, నిమ్మకాయ దగ్గఱ నుంచుకొనుడు, తల తిరిగినచో పడుకొనుడు, లేచి తిరుగవద్దు.

ఇక అత్యంత జాగ్రత్త వహించవలసినది విదేశపు ఉద్యోగముల విషయము. పదవతరగతి ఉత్తీర్ణుడు కానివాని పాస్‌పోర్టు ఈసీఆర్ (వలస తనిఖీ అవసరమగు) తరగతికి చెందును. గల్ఫు మొదలగు 18 దేశములకు ఉద్యోగమునకై పోవుటకు ఆతనికి వలసదారుల రక్షణాధికారి అనుమతి కావలెను. 1983 నాటి ఎమిగ్రేషను చట్టము ప్రకారము, విదేశపు కొలువులకు మనుష్యులను పంపువాడు ప్రభుత్వమువద్ద నమోదై యుండవలెను; వసూలుచేయదగిన రుసుము 30,000 రూపాయలును, దానిపై పన్నును మాత్రమే. టికెట్లమ్ము ఏజెంటు వేఱు, ఉద్యోగమునకు పంపు ఏజెంటు వేఱు. ఈ భేదము తెలియకపోవుట వలన కలుగు నష్టము ఎంతటిదో 2024 మే మాసమున విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారము చూపినది. కంప్యూటరుపై డేటా ఎంట్రీ పనియని నమ్మించి, టూరిస్టు వీసాపై ఈ ప్రాంతపు యువకులను తీసికొనిపోయి, పాస్‌పోర్టులు లాగికొని, భవనములలో బంధించి, మన దేశస్థులనే ఫోనులో మోసగించు పనికి కట్టివేసిరి. ఎదురుతిరిగిన కొందఱు ఆ నెలాఖరు లోపుననే విశాఖ విమానాశ్రయమున దిగిరి. రంగూను మేస్త్రీ గుప్పిటిలోని నాలుగును, టికెట్టు, ఉద్యోగము, వసతి, అప్పు, ఇందును ఒక్క చేతిలోనే యుండుట గమనింపదగినది.

నేను చూచుచుండగా పెందుర్తి వైపునుండి ఒక తల్లి కొడుకును వెంటబెట్టుకొని వచ్చి, బ్యాంకాకునకు టికెట్టు కావలెననినది. ఏజెంటు కీబోర్డును ముట్టలేదు.

“ఎవరు పిలిచారు బాబూ? కంపెనీ కాగితం ఏది?” అనెను.

“వాట్సాపులో వచ్చిందండి. అక్కడికెళ్ళాక ఇస్తామన్నారు.”

“టూరిస్టు వీసా మీద ఉద్యోగమేటమ్మా? రేపు ఏదైనా ఐతే అక్కడ ఎవర్ని అడుగుతావు? నమోదైన ఏజెంట్ల పేర్లు ఈమైగ్రేట్ సైట్లో ఉంటాయి, చూపిస్తాను. అందులో ఆ పేరు ఉంటే రా, టికెట్టు నేనే తీస్తాను. లేదంటే నా చేత్తో తియ్యను.”

కొడుకు ముఖము చిన్నబుచ్చుకొని లేచెను. తల్లి మాత్రము కూర్చుండి, ఆ పట్టికను చూపింపుమని అడిగెను. పట్టికలో ఆ పేరు లేదు. ఆ దినమున ఆ బేరము పోయినది. అమ్మిన టికెట్లకంటె ఇట్లు అమ్మక విడిచిన టికెట్లను బట్టియే ఏజెంటును ఎన్నుకొనవలెనని వన్ టౌను ప్రజలకు నేను చెప్పదలచుచున్నాను.

ఏజెంటు తాను చేయు ప్రయాణములలో ముఖ్యమైనది కాశీయాత్ర. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణమున బయలుదేరి, సుమారు నూరుగురు పరివారముతో, పల్లకీలతో, డేరాలతో కాశీకి పోయి, తిరుగుదారిలో ఈ విశాఖపట్టణము మీదుగా సాగి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరెను. నేడు అంతటి పరివారము చేయు పనిని ఏజెంటును, ఒక వంటమనిషియు చేయుదురు. ఇరువది ముప్పదిమంది పెద్దలు, వారిలో సగము మోకాళ్ల నొప్పులవారు, చక్కెరవ్యాధి మందులవారు. తొమ్మిది రాత్రుల కాశీవాసము చేయదలచినవారికి కరివెన సత్రములోనో, శ్రీరామతారక ఆంధ్రాశ్రమములోనో గదులు ముందుగా అడిగియుంచవలెను. గయలో పిండప్రదానమునకు తెలుగు మాటలాడు పురోహితుని కుదుర్చవలెను. ప్రయాగలో పడవవానితో బేరమును ఒడ్డుననే తేల్చుకొనవలెను. ఇందులో ఏ పనియు కంప్యూటరు ముందు కూర్చుండి అగునది కాదు గనుక, ఏజెంటు ముందుగా తానొక్కడే పోయి, సత్రపు మెట్లెన్ని, ఘట్టమునకు నడక ఎంత, స్నానపు గదిలో పట్టుకొనుటకు కడ్డీ యున్నదా యని చూచి వచ్చును. ఘట్టమునొద్ద ఒకరు తప్పిపోయినచో ఏమి చేయవలెనో బయలుదేరక మునుపే అందఱికిని చెప్పి, తన ఫోను నంబరు వ్రాసిన చీటీని ప్రతివారి పైటకొంగులోనో, చొక్కాజేబులోనో తానే పెట్టును.

టికెట్లు తీయునప్పుడు సైతము ఆతడు చూపు శ్రద్ధ ఒకటి చెప్పవలసినది. అరువదేండ్లు దాటిన పురుషులకును, నలువదియైదేండ్లు దాటిన స్త్రీలకును రైలులో క్రిందిబెర్తు కోటా కలదు. కాని ఒకే టికెట్టుపై ఒక్కరుగాని ఇద్దఱుగాని యున్నప్పుడే అది వర్తించును. ముప్పదిమందిని ఆఱుగురేసి చొప్పున అయిదు టికెట్లలో చేర్చినచో పని త్వరగా ముగియును, కాని పెద్దలకు పైబెర్తులు వచ్చుట తప్పదు. అందుచేత ఆతడు భార్యాభర్తలను ఒక జంటగా, ఒంటరి వితంతువులను ఇద్దఱిద్దఱుగా కూర్చి, పదునైదు టికెట్లు వేర్వేఱుగా తీయును. వచ్చు మాఘమాసపు యాత్రకు జంటలపట్టిక ఇప్పుడే బల్లపై నున్నది; అందులో ఇంకను జత కుదురని ఒక పెద్దమ్మకై ఆతడు పూర్ణా మార్కెట్టు వైపువారిని విచారించుచున్నాడు.