ఇంగువ డబ్బా వెనక ఏముందో చూశారా?

"ఒరేయ్, ఇది నీ కంచం. అటు పక్కన కూర్చుని తిను, చపాతీ పిండి తగులుతుంది."

కొన్నాళ్లు మా ఇంట్లో రోజూ రాత్రి వినిపించిన మాట ఇది. మేమంతా చపాతీలు, ఆలూ కూర తింటుంటే తమ్ముడొక్కడే కాస్త దూరంగా కూర్చుని పప్పన్నం కలుపుకునేవాడు. వాడికి పదమూడేళ్లు. ఆ వయసులో 'నీది వేరు' అనే మాట ఎంత గుచ్చుకుంటుందో మాకు ఆలస్యంగా అర్థమైంది.

వాడికి సీలియాక్ డిసీజ్ ఉంది. రెండేళ్లపాటు కడుపుబ్బరం, విరేచనాలు, నీరసం. ఎంత తిన్నా బరువు పెరగడు. నులిపురుగులేమో అని మందులు వాడాం, బలానికి టానిక్‌లు తాగించాం. చివరికి టీటీజీ అనే రక్తపరీక్ష, ఆ తర్వాత ఎండోస్కోపీ చేశాక అసలు సంగతి తెలిసింది.

పూరీ పిండి సాగుతుంది కదా, పరోటా పిండిని ఎంత లాగినా తెగదు కదా.. దానికి కారణం గ్లూటెన్ అనే ప్రొటీన్. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉంటుంది. మనలో చాలామందికి దానితో ఏ ఇబ్బందీ లేదు. సీలియాక్ ఉన్నవాళ్లకు మాత్రం అది లోపలికి వెళ్లగానే ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ సొంత చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. తిన్నదాంట్లోంచి పోషకాలను పీల్చుకునే పేగు లోపలి పొర దెబ్బతింటుంది. దీన్ని పూర్తిగా నయం చేసే మాత్ర లేదు. జీవితాంతం గ్లూటెన్ మానేయడమే వైద్యం.

మానేశాం.. అయినా తగ్గలేదు

'అన్నం తినే ఇల్లే కదా, ఇదేం పెద్ద కష్టం' అనుకున్నాం. వాడికి చపాతీ, ఉప్మా రవ్వ, సేమ్యా, బ్రెడ్, బిస్కెట్లు అన్నీ బంద్. రెండు నెలలు గడిచాయి. కడుపునొప్పి మాత్రం పోలేదు.

డైటీషియన్ మేడమ్ ఓ పని చెప్పారు. "ఇంట్లో ఉన్న ప్రతి డబ్బా, ప్రతి సీసా వెనక వైపు ఫొటో తీసుకురండి" అన్నారు. నేను ఫోన్‌లో టకటకా తీసేశాను. ఆవిడ ఒక్కోటీ జూమ్ చేసి చూస్తూ ఇంగువ డబ్బా దగ్గర ఆగారు. చిన్న అక్షరాల్లో రాసుంది: గోధుమ పిండి.

అసలు ఇంగువ అంటే మొక్క వేరు నుంచి వచ్చే జిగురు. ఘాటు చాలా ఎక్కువ కాబట్టి పిండి, తినే గమ్ కలిపి పొడి చేసి అమ్ముతారు. ఆ పిండి చాలావాటిలో గోధుమదో మైదానో అయి ఉంటుంది. చారు, పప్పు, పులిహోర.. మా ఇంట్లో ఇంగువ పడని పోపు లేదు.

అమ్మ ఆ రోజు ఇంటికొచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే అంది. "నా చేత్తో నేనే రోజూ పెట్టానా?"

అక్కడి నుంచి వంటగది మొత్తం వెతికాం. ఇంకో మూడు దొంగలు దొరికాయి.

ఒకటి, పిండి మర. జొన్నల్లో గ్లూటెన్ లేదు. కానీ మరలో మనకంటే ముందు ఎవరో గోధుమలు పట్టించి ఉంటే ఆ పిండి మన జొన్నపిండిలో కలుస్తుంది. ఇప్పుడు జొన్నలు, రాగులు కడిగి ఆరబెట్టి ఇంట్లోనే మిక్సీ పట్టుకుంటున్నాం.

రెండు, సోయా సాస్. 'నూడుల్స్ లేకపోతే పోనీలే' అని ఆదివారాలు వాడికి నేను చేసిపెట్టిన ఫ్రైడ్ రైస్‌లో వేసింది అదే. మామూలు సోయా సాస్ తయారీలో సోయాతోపాటు గోధుమలు కూడా వాడతారు.

మూడు, పూరీలు వేయించిన నూనె. దాన్నే మర్నాడు వాడి అప్పడాలకు వాడేవాళ్లం.

కంచం వేరైతే..

ఇవన్నీ సరిచేశాక వాడి ఒళ్లు మెల్లగా కోలుకుంది. మనిషి మాత్రం ముడుచుకుపోయాడు. స్నేహితుల బర్త్‌డేలకు వెళ్లడం మానేశాడు. ఓ రాత్రి అందరం తిన్నాక వంటింట్లోకి వచ్చి, "అక్కా, నేను హాల్‌లో టీవీ చూస్తూ తింటాలే, మీకు అడ్డం ఎందుకు" అన్నాడు.

మర్నాడే అమ్మ తేల్చి చెప్పింది. వాడు తినలేనిది రాత్రి వంటలో ఉండదు. ఒకే పొయ్యి, ఒకే గిన్నె. నాన్న చపాతీల గురించి ఏదో అనబోయి ఆగిపోయారు.

తమ్ముడు మాత్రం ఓ కండిషన్ పెట్టాడు. "రోజూ పప్పన్నమే అయితే మీరందరూ నన్నే తిట్టుకుంటారు. ఏదైనా కొత్తగా కావాలి."

వాడికి కొరియన్ సీరియళ్ల పిచ్చి. అలా నేను తూర్పు వైపు దేశాల వంటలు వెతకడం మొదలెట్టాను. తీరా చూస్తే వాళ్లూ మనలాగే బియ్యం, పెసలు, కొబ్బరి, చింతపండు వాడేవాళ్లే. మా ఇంట్లో నిలబడిపోయిన మూడు వంటలు ఇవి. నలుగురికి సరిపోతాయి.

థాయ్ పల్లీ నూడుల్స్: థాయ్‌లాండ్‌లో దీన్ని పాడ్ థాయ్ అంటారు. పులుపుకి చింతపండు, తీపికి తాటి బెల్లం, పైన పల్లీలు. అన్నీ మన సరుకులే! 250 గ్రాముల బియ్యపు నూడుల్స్‌ని అరగంట నీళ్లలో నానబెట్టి వంచేయండి. మూడు చెంచాల చిక్కటి చింతపండు గుజ్జు, మూడు చెంచాల తాటి బెల్లం, ఉప్పు, కారం కలిపి వేడి చేస్తే సాస్ రెడీ. బాణలిలో వెల్లుల్లి వేయించి, రెండు గుడ్లు కొట్టి, నూడుల్స్, సాస్, కాసిని నీళ్లు పోసి పెద్ద మంట మీద తిప్పండి. దించేముందు పెసర మొలకలు, ఉల్లికాడలు, దంచిన పల్లీలు వేయండి. అక్కడ ఫిష్ సాస్ వేస్తారు, మేం ఉప్పుతో సరిపెట్టుకున్నాం.

వియత్నాం అట్టు: పేరు బాన్ సేవ్. పెనం మీద పిండి పోయగానే వచ్చే 'చుయ్' చప్పుడు వల్లే ఆ పేరు. కప్పున్నర బియ్యప్పిండి, అర చెంచా పసుపు, ముప్పావు కప్పు కొబ్బరి పాలు, ఉప్పు, ఉల్లికాడలు. నీళ్లు పోసి రవ్వట్టు పిండిలా పల్చగా కలిపి అరగంట ఉంచండి. వేడి పెనం మీద పల్చగా పోసి, ఒక పక్కన వేయించిన రొయ్యలో పుట్టగొడుగులో, మొలకలు పెట్టి మూత వేయండి. అంచులు కరకరలాడాక మడవండి. పుదీనా, కొత్తిమీర ఆకులతో కలిపి తినాలి.

కొరియా పెసరట్టు: అవును, వాళ్లకీ పెసరట్టుంది. పేరు బిందేటోక్. రెండు కప్పుల పెసరపప్పు, నాలుగు చెంచాల బియ్యం నాలుగు గంటలు నానబెట్టి, తక్కువ నీళ్లతో గట్టిగా రుబ్బండి. సన్నగా తరిగిన క్యాబేజీ, ఉల్లికాడలు, మొలకలు, ఉప్పు, కారం కలిపి చిన్న చిన్న అట్లుగా మందంగా పోయండి. నూనె కాస్త ధారాళంగా వేయాలి, లేకపోతే పైన కరకర రాదు.

మీ ఇంట్లోనూ ఉంటే..

అనుమానం ఉంది కదా అని పరీక్షకు ముందే గోధుమ మానకండి. మానేస్తే పరీక్షలో జబ్బు బయటపడకపోవచ్చు. ముందు డాక్టర్, తర్వాతే డైట్.

ప్యాకెట్ మీద 'గ్లూటెన్ ఫ్రీ' అని ఉండాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదన్నది ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన. అలా రాసి ఉన్న ఇంగువ తీసుకోండి. దొరకకపోతే వెల్లుల్లి, జీలకర్ర పోపు చాలు. సోయా సాస్ కావాలంటే గోధుమ లేని తమరి సాస్ చూడండి. కొరియా కారం పేస్టు గోచుజాంగ్‌లో గోధుమో బార్లీయో ఉండొచ్చు. ఇన్‌స్టంట్ రామెన్ అసలే వద్దు, అది గోధుమే. 'గ్లూటినస్ రైస్' పేరు చూసి మాత్రం భయపడక్కర్లేదు. అది జిగురు బియ్యం, అందులో గ్లూటెన్ లేదు.

ఇంకోటి. గ్లూటెన్ ఫ్రీ బిస్కెట్ కూడా బిస్కెట్టే. అందులోనూ చక్కెర, నూనె ఉంటాయి. బలానికి రాగులు, సజ్జలు, పప్పులు, ఆకుకూరలే కావాలి. జబ్బేమీ లేకుండా, ఫ్యాషన్ అని గోధుమ మానేయాల్సిన పనీ లేదు.

పోయిన ఆదివారం క్రికెట్ ఆడొచ్చిన తమ్ముడి ఫ్రెండ్స్ నలుగురు మా ఇంట్లోనే తిన్నారు. అది వాడి కోసం చేసిన వంట అని ఎవరికీ తెలీదు. ఒకడు మూడో కొరియా పెసరట్టు అడిగితే, తమ్ముడే లేచి వంటింట్లోకి వచ్చాడు.

"అమ్మా, పిండి అయిపోయింది. ఈసారి ఎక్కువ నానబెట్టు."