రన్‌వేపై మంచు బురద.. విమానానికి వేగం అందనివ్వదు

విమానం గాలిలోకి లేవాలంటే ముందుగా నేలపై నిర్ణీత వేగం అందుకోవాలి. శీతల దేశాల్లో శీతాకాలం ఆ వేగానికే గండి కొడుతుంది. గడ్డకట్టిన మంచుపై చక్రాలు జారతాయన్నది అందరికీ తెలిసిందే. అయితే టేకాఫ్ సమయంలో అంతకు మించిన ప్రమాదం సగం కరిగి నీటితో కలిసిన మంచుతో వస్తుంది. దీనినే ‘స్లష్’ అంటారు. తారు రోడ్డుపై పరుగెత్తే ట్రాక్టరు దమ్ము చేసిన మడిలో ఎలా ఈడుస్తుందో, స్లష్‌లో విమానం పరిస్థితీ అంతే. చక్రాలు దానిని తోసుకుంటూ సాగాలి. పైకి చిమ్మిన స్లష్ విమానం అడుగు భాగానికి తగిలి మరింత వెనక్కి లాగుతుంది. ఇంజను శక్తి తక్కువగా ఉండే చిన్న విమానాలకు ఈ బెడద ఎక్కువ. కొన్నింటికి చక్రాలపై ఉండే తొడుగుల్లో అది కూరుకుపోయి గడ్డకడుతుంది కూడా. అందుకే చలికాలంలో ఆ తొడుగులను విప్పేయడం పరిపాటి.

స్లష్ ప్రభావాన్ని ప్రపంచానికి తెలియజెప్పినది 1958 ఫిబ్రవరి 6న పశ్చిమ జర్మనీలోని మ్యూనిక్‌లో జరిగిన ప్రమాదం. బెల్‌గ్రేడ్ నుంచి మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ జట్టుతో వస్తున్న రెండింజన్ల అంబాసిడర్ విమానం ఇంధనం కోసం అక్కడ ఆగింది. ఇంజను శక్తిలో హెచ్చుతగ్గుల వల్ల రెండుసార్లు టేకాఫ్ విరమించారు. మూడోసారి వేగం 117 నాట్లకు, అంటే గంటకు సుమారు 217 కిలోమీటర్లకు చేరింది. ఇక ఆపే వీలు లేదు. పైకి లేవడానికి కావలసినది 119 నాట్లు. ఆ రెండు నాట్లు అందలేదు సరికదా, వేగం 112కు, ఆపై 105కు పడిపోయింది. విమానం కంచెను ఛేదించుకుని వెళ్లి ఒక ఇంటిని ఢీకొంది. అందులోని 44 మందిలో 23 మంది మరణించారు. వారిలో ఎనిమిది మంది ఆటగాళ్లు.

రెక్కలపై మంచు పేరుకోవడమే కారణమని జర్మనీ విచారణ తేల్చింది. రెక్కలను పరిశీలించవలసిన బాధ్యత కెప్టెన్‌ది, రన్‌వేను శుభ్రం చేయించవలసిన బాధ్యత విమానాశ్రయానిది. కాబట్టి కారణం ఏదన్న దానిపైనే కెప్టెన్ జేమ్స్ థెయిన్ భవిష్యత్తు ఆధారపడింది. ఆయన ఉద్యోగం పోయింది. కోళ్ల ఫారం నడుపుకుంటూనే తన నిర్దోషిత్వం కోసం ఏళ్ల తరబడి పోరాడారు. రెక్కలపై మంచుగా కనిపించిన ఫొటోకు అసలు నెగెటివ్‌ను పరీక్షించగా అది సూర్యకాంతి ప్రతిఫలనమని తేలింది. చివరకు 1969లో వెలువడిన బ్రిటిష్ విచారణ నివేదిక రన్‌వేపై స్లష్‌నే కారణంగా పేర్కొని ఆయనకు దోషవిముక్తి కల్పించింది. థెయిన్ 1975లో మరణించారు.

రన్‌వే ఉపరితలాన్ని మూడు భాగాలుగా పరిశీలించి, ఒక్కో భాగానికి 0 నుంచి 6 వరకు కోడ్ ఇచ్చే విధానం అంతర్జాతీయంగా 2021 నవంబరు 4 నుంచి అమల్లోకి వచ్చింది. పొడి రన్‌వేకు 6. తెలుగు నేలపై రన్‌వేలకు మంచు బెడద లేకున్నా, వానకు నిలిచే నీటినీ ఇదే పట్టికతో చూస్తారు. నిలిచిన నీరు 3 మిల్లీమీటర్లు దాటితే కోడ్ 2కు పడిపోతుంది.