ఇసుక రేణువు ఖరీదు

గోల్ఫ్‌లో బంతిని కొట్టడం కన్నా క్లబ్బును వెనక్కి తీసుకెళ్లడమే కష్టం. బ్యాట్ పట్టి పెరిగిన చేతులకైతే మరీను

2024 ఆగస్టు 31. అట్లాంటాలోని ఈస్ట్ లేక్ మైదానం. అమెరికా గోల్ఫ్ సీజన్‌కు ముగింపు పలికే టూర్ చాంపియన్‌షిప్‌లో మూడో రోజు ఆట. మూడో హోల్ దగ్గర సాహిత్ తీగల బంతి బంకర్‌లో పడింది. అతడు క్లబ్బును వెనక్కి లేపాడు, కొట్టాడు. ఆ తర్వాత అధికారిని పిలిచి, క్లబ్బు వెనక్కి వెళ్తున్నప్పుడు ఇసుకను తాకిందని తనే చెప్పాడు. అప్పటిదాకా వేలెత్తి చూపినవారెవరూ లేరు. బంకర్‌లో బ్యాక్‌స్వింగ్ తీసేటప్పుడు క్లబ్బు ఇసుకను తాకకూడదన్నది నిబంధన. 2019లో గోల్ఫ్ సూత్రాలను చాలావరకు సడలించినా దీన్ని మాత్రం అలాగే ఉంచారు. శిక్ష రెండు స్ట్రోకులు.

సాహిత్ తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వలస వెళ్లినవారు. అతడు 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. పెపర్‌డైన్ యూనివర్సిటీ తరఫున ఆడుతూ 2020లో కాలేజీ గోల్ఫ్‌లోని అత్యున్నత పురస్కారం హాస్కిన్స్ అవార్డు గెలిచాడు. 2023 సెప్టెంబర్‌లో నాపాలో జరిగిన ఫోర్టినెట్ చాంపియన్‌షిప్‌తో పీజీఏ టూర్‌లో తొలి టైటిల్ అందుకున్నాడు. గోల్ఫ్ అంటే గోల్కొండ కోట పక్క మైదానమో, గచ్చిబౌలిలోని బౌల్డర్ హిల్స్ కోర్సో, విశాఖలోని ఈస్ట్ పాయింట్ క్లబ్బో మాత్రమే గుర్తొచ్చే తెలుగువారికి ఈ పేరు కొత్త ఉత్సాహం. పైగా అతడి వెన్ను పుట్టుకతో వచ్చినంత నిటారుగా ఎదగలేదు. స్కోలియోసిస్ వల్ల కాస్త వంకర తిరిగింది. శిక్షణ పుస్తకాల్లోని బొమ్మల్లా తిరగమంటే ఆ శరీరం తిరగదు. తనకు వీలైన స్వింగ్‌ను అతడు తనే తయారు చేసుకున్నాడు.

ఇంతకూ బ్యాక్‌స్వింగ్‌లో ఏముంది? అగ్రశ్రేణి ఆటగాళ్లకు క్లబ్బు వెనక్కి వెళ్లడానికి ముప్పావు సెకను పడితే, కిందికి దిగి బంతిని తాకడానికి పావు సెకను చాలు. పైకి మూడు పాళ్లు, కిందికి ఒక పాలు. 2004లో జాన్ నొవోసెల్ ఈ లెక్కను పుస్తకంగా తెచ్చాక అభ్యాసకులు మనసులో అంకెలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ ముప్పావు సెకనులో భుజాలు సుమారు 90 డిగ్రీలు తిరగాలి. నడుము అందులో సగమే తిరగాలి. పైభాగానికీ కిందిభాగానికీ మధ్య ఏర్పడే ఈ మెలికే బలం. కుడిచేతివాటం ఆటగాడి బరువు ఈలోగా కుడికాలి మీదికి చేరుతుంది. పావు సెకనులో ఏదీ దిద్దుకోలేం కాబట్టి పైన జరిగిన తప్పు కింద బయటపడి తీరుతుంది.

ఈ సంగతి పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ లాంటి ఊరి నుంచి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడ్డ పట్టణమిది. ఐఐటీకి దగ్గరగా ఉండే తాల్‌బగీచా పేరుకు అర్థం తాటితోపు. రైల్వే టికెట్ ఎగ్జామినర్‌గా మహేంద్రసింగ్ ధోనీ 2001 నుంచి కొన్నేళ్లు పనిచేసిన ఊరిలో పిల్లల చేతికి ముందు ఏది వస్తుందో చెప్పనక్కర్లేదు. బ్యాట్ ఎత్తడం నేర్చుకున్న ఆ చేతులకే గోల్ఫ్ క్లబ్బు ఇస్తే మొదటి చిక్కు అక్కడే వస్తుంది. క్రికెట్‌లో బ్యాక్‌లిఫ్ట్ దాదాపు నిలువు. వికెట్ల వైపో, మొదటి స్లిప్ వైపో వెళ్తుంది. బంతి ఎటు వస్తుందో తెలియదు కనుక ఎత్తు తక్కువైనా చేతులు సిద్ధంగా ఉంటే చాలు. గోల్ఫ్‌లో బంతి కదలదు. ఎంత తీరిక ఉంటే అంత ఆలోచన, అంత తొట్రుపాటు. క్లబ్బు ఏటవాలు చక్రంలా ఒంటి చుట్టూ తిరగాలి. క్రికెటర్ దాన్ని చేతులతో పైకి ఎత్తేస్తాడు, కిందికి అడ్డంగా నరుకుతాడు. కుడిచేతివాటం వాళ్ల బంతి కుడివైపు వంగి పొదల్లో తేలుతుంది. దీనికి పేరు స్లైస్.

మందు ఖరీదైనదేం కాదు. మొదటి అడుగు ప్రారంభంలోనే. క్లబ్బు కదిలిన తొలి అడుగు దూరం భుజాలు, చేతులు, క్లబ్బు కలిసికట్టుగా వెళ్లాలి, మణికట్టు తొందరపడకూడదు. చంకల్లో తువ్వాలు ఇరికించుకుని సగం స్వింగ్ తీసి చూస్తే చేతులు విడిపోయి లేస్తున్నాయో లేదో అదే చెబుతుంది. తువ్వాలు జారితే తప్పు మనదే. రెండోది గోడ. గోడకు వీపు చేసి, పిరుదులకూ గోడకూ మధ్య కొద్ది ఖాళీ ఉంచి నిలబడి క్లబ్బు లేకుండా తిరగాలి. కుడి పిరుదు వెనక్కి వెళ్లి గోడను తాకితే ఒళ్లు తిరిగినట్టు, పక్కకు జరిగితే ఊగినట్టు. ఊగడం కొత్తవాళ్ల పెద్ద జబ్బు. తల కదలకుండా చూసుకోవడం ఇంకో చిక్కు. చిన్నప్పుడు జాక్ నిక్లాస్ తల నిలవడానికి గురువు జాక్ గ్రౌట్ తన సహాయకుడి చేత అతడి జుట్టు పట్టించి కొట్టించాడన్న కథ ప్రసిద్ధం. ఇంట్లో అద్దం ఉంటే అంత పని అక్కర్లేదు.

మూడోది ఆగడం. 2021లో మాస్టర్స్ గెలిచిన జపాన్ ఆటగాడు హిడెకి మత్సుయామా స్వింగ్ పైకొసలో క్షణం ఆగినట్టు కనిపిస్తాడు. ఆ విరామాన్ని అనుకరిస్తే కొత్తవాళ్ల ఆత్రం కాస్త తగ్గుతుంది.

ఎంత వెనక్కి వెళ్లాలన్న ప్రశ్నకు మాత్రం ఒకే జవాబు లేదు. క్లబ్బు నేలకు సమాంతరం దాకా రావాలంటారు. జాన్ డేలీ దాన్ని దాటించేవాడు. కుడి పాదం లోపంతో పుట్టిన స్పెయిన్ ఆటగాడు జాన్ రామ్ బ్యాక్‌స్వింగ్ పొట్టిది, అయినా 2021లో యూఎస్ ఓపెన్, 2023లో మాస్టర్స్ గెలిచాడు. రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బులో పచ్చిక చూసే ఉద్యోగి కొడుకు ఎస్ఎస్‌పీ చౌరాసియా దూరం కొట్టే బాపతు కాదు, ఢిల్లీలో 2008లో ఇండియన్ మాస్టర్స్ గెలిచింది బంతి దగ్గరపడ్డాక ఆడే ఆట మీద. నలభై దాటి గోల్ఫ్ మొదలుపెట్టిన ఆఫీసర్లు టీవీలో చూసిన పూర్తి స్వింగ్ కోసం నడుం పట్టించుకోవడం క్లబ్బుల్లో మామూలే. ముప్పాతిక స్వింగ్ వాళ్లకు చాలు.

బంకర్ సంగతి వేరు. అక్కడ క్లబ్బును ఇసుకకు పైన గాలిలోనే నిలిపి మొదలుపెట్టాలి. అందుకే మణికట్టును త్వరగా మడిచి నిలువుగా లేపుతారు. వెనక ఇసుక కాస్త ఎత్తుగా ఉంటే ఆ జాగ్రత్తా చాలదు.

సాహిత్‌కు ఆ రోజు జరిగిందదే. మరునాడు టోర్నీ ముగిసేసరికి స్కాటీ షెఫ్లర్ 30 అండర్‌తో మొదటి స్థానంలో, కాలిన్ మోరికావా 26 అండర్‌తో రెండో స్థానంలో నిలిచారు. సాహిత్ స్కోరు 24 అండర్, మూడో స్థానం, 75 లక్షల డాలర్లు. ఆ రెండు స్ట్రోకులు పోకపోయి ఉంటే మోరికావాతో సమానంగా నిలిచి ఇద్దరూ చెరో కోటి డాలర్లు పంచుకునేవారు. తేడా 25 లక్షల డాలర్లు, అప్పటి మారకం లెక్కన సుమారు 21 కోట్ల రూపాయలు.