ఇంజిన్ దించే ముందు టేపు తీయండి!

మలికిపురంలో చదువుకుంటూ ‘మెకానిక్ లైన్‌లో ఏముందిలే’ అనుకుంటున్నారా? పాత కారుకి వేరే ఇంజిన్, గేర్‌బాక్స్ ఎక్కించే పని గురించి ఒకసారి తెలుసుకోండి.

ఈ మార్పుని హిందుస్థాన్ మోటార్సే చేసి చూపింది. 1,489 సీసీ ఇంజిన్‌తో నడిచిన అంబాసిడర్‌కి 1990లలో ఇసుజు 1,817 సీసీ పెట్రోల్ ఇంజిన్, 5 గేర్ల బాక్స్ అమర్చింది. 2014లో తయారీ ఆగిపోయినా, ఆ బండిని అపురూపంగా చూసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

బానెట్ కింద ఇంజిన్ పట్టేస్తే పని అయిపోయినట్టు కాదు. బెల్ హౌసింగ్ బోల్టులు కలవకపోతే అడాప్టర్ ప్లేటు చేయించాలి. క్లచ్ ప్లేటు మధ్యలోని పళ్లు గేర్‌బాక్స్ షాఫ్టుకి సరిపోవాలి. గేర్‌బాక్స్ పొడవు మారితే ప్రొపెల్లర్ షాఫ్టు పొడవూ మార్చాలి. పవర్ పెరిగితే బ్రేకులు, రేడియేటర్ తట్టుకుంటాయా? అదీ చూడాలి. సగం పని స్పానర్‌ది, సగం కొలతలది.

అసలు చిక్కు కాగితాల దగ్గరే. ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రవాణా శాఖ అనుమతి లేకుండా మార్చకూడదు. తప్పితే ఒక్కో మార్పుకి యజమానికి రూ.5,000 జరిమానా లేదా 6 నెలల వరకు జైలు. ఈ సంగతి కస్టమర్‌కి ముందే చెప్పే మెకానిక్‌నే జనం నమ్ముతారు.

పది పాసైతే ఐటీఐలో రెండేళ్ల మోటార్ మెకానిక్ ట్రేడ్, పాలిసెట్ రాస్తే మూడేళ్ల ఆటోమొబైల్ డిప్లొమా ఉన్నాయి. డిగ్రీలో ఉన్నారా? సెలవుల్లో దగ్గర్లోని షెడ్డుకి వెళ్లండి. విప్పిన ప్రతి భాగాన్నీ కొలిచి, ఫొటో తీసి, నోటుబుక్కులో రాయండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ పక్కన ఆ పుస్తకం పెట్టండి. మీకు పని తెలుసని అదే చెబుతుంది.